తుప్పు నుండి వాహన రక్షణ - ఇంటి గాలియంత్రము చేయగల మేలు

నాగలి కర్రు మొదలు రైలు పట్టా వరకు ఇనుము లేనిదే మానవునకు పని సాగదు. ఇంతటి ఉపకారియైన లోహమునకు మనము పీల్చు గాలియు, త్రాగు నీరును కలిసి శత్రువులైనవి. ఆ శత్రుత్వ ఫలమునే తెలుగులో తుప్పు అందుము. మన పల్లెలలో సిలుము పట్టినదందురు. ఉర్దూలో దీని పేరు జంగ్. మన మెకానిక్కు షెడ్లలో తెలుగువారు సైతము జంగు పట్టినదనియే చెప్పుదురు. పేరు ఏదైనను దాని పని యొక్కటే. గట్టి ఇనుమును మెల్లమెల్లగా పొడిచేసి రాల్చివేయుట దాని స్వభావము.

తాండూరు నాపరాయి బండలకు ప్రసిద్ధి చెందిన పట్టణము. నీలి, పసుపు వన్నెల బండలు ఇచ్చటి గనుల నుండి, పాలిషు యూనిట్ల నుండి లారీలపై దూరప్రాంతములకు పోవుచుండును. సిమెంటు బస్తాలు, ఎరువులు, కూరగాయలు అన్నియు చక్రముల మీదనే కదలును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది కూడ పొలము నుండి మార్కెట్టునకు ట్రాలీలోనో, ఆటోలోనో రావలసినదే. మన విద్యార్థులలో ఎందరి ఇండ్లలోనో ఆటోయో, జీపో, ట్రాక్టరో, లారీయో జీవనాధారమై ఉన్నది. అప్పు తెచ్చి కొన్న వాహనము ఆ అప్పు తీరునంత కాలమైనను నిలువవలెను గదా! ఇంజను చెడినచో విప్పి బాగుచేయవచ్చును. టైరు అరిగినచో మార్చవచ్చును. ఛాసిస్ తుప్పు తిని చిల్లులు పడినచో ఆ వాహనమునకు ఆయువు తీరినట్లే.

తెలుగు బోధించు అధ్యాపకుడు యంత్రములను గూర్చి వ్రాయుట యేమని విద్యార్థులు అనుకొనవచ్చును. రసాయనశాస్త్ర పుస్తకములో తుప్పును గూర్చిన పాఠము ఉన్నది. షెడ్డులో పనిచేయు కార్మికుని చేతిలో నైపుణ్యము ఉన్నది. ఈ రెండింటి నడుమ మన భాషలో వంతెన వంటి వ్యాసములు తక్కువగా ఉన్నవి. ఆ కొరతను కొంతైనను తీర్చుటకే ఈ ప్రయత్నము. టైర్లకు గాలి కొట్టుటకు, రంగులు వేయుటకు వాడు చిన్న గాలియంత్రములు, అనగా కంప్రెసర్లు, నేడు అనేక గృహములలోను చిన్న దుకాణములలోను కనబడుచున్నవి. వానితో వాహనపు అడుగు భాగమునకు తుప్పు పట్టకుండ పూత వేసికొనవచ్చును. అయితే ఒక్క మాట ముందే చెప్పవలెను. యంత్రము పూతను చేరవేయునే గాని తుప్పును మాన్పదు. ఇనుము శుభ్రముగా ఉండి, పూర్తిగా ఆరి, లోపలి మూలల వరకు పూత అందినప్పుడే ఫలితము దక్కును. తడి మీద వేసిన పూత మేలు చేయకపోగా కీడు చేయును.

తుప్పు ఎట్లు పుట్టును?

పొడి గాలిలో ఇనుము చాల కాలము చెడక నిలుచును. గాలిలోని తేమ నూటికి సుమారు 60 పాళ్ళు దాటినప్పుడు ఇనుముపై కంటికి కనబడని పలుచని నీటి పొర ఏర్పడును. ఆ పొరలో ఇనుము విద్యుత్కణములను వదలి కరుగును. నీటిలో కలిసిన ప్రాణవాయువు ఆ కణములను గ్రహించును. ఇట్లు ఒకే ఇనుప రేకుపై చిన్న చిన్న విద్యుత్ ఘటములు వెలసి, కరిగిన ఇనుము ప్రాణవాయువుతోను నీటితోను కూడి ఎఱ్ఱని తుప్పుగా మారును. నీటిలో ఉప్పు వంటి లవణములు కలిసినచో విద్యుత్ ప్రవాహము సులభమగును; తుప్పు వేగము పెరుగును.

ఇందులో ఒక విచిత్రము కలదు. ప్రాణవాయువు ఎక్కువగా అందిన చోట ఇనుము తక్కువగా చెడును. తక్కువగా అందిన చోటనే ఎక్కువగా కరుగును. ఈ విషయమును కేంబ్రిడ్జిలో యు. ఆర్. ఎవాన్స్ అను శాస్త్రజ్ఞుడు ఒక ఉప్పునీటి చుక్కతో నిరూపించెను. మన కళాశాల ప్రయోగశాలలో కూడ దీనిని చేసి చూడవచ్చును. బాగుగా రుద్దిన ఇనుప రేకుపై కొద్దిగా ఫినాఫ్తలీన్, పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపిన ఉప్పునీటి చుక్కను వేయవలెను. కొంత సేపటికి చుక్క అంచున గులాబి రంగు, నడుమ నీలిరంగు కనబడును. అంచున గాలి బాగుగా అందును గనుక ఇనుము భద్రముగా నుండును. నడుమ గాలి అందదు గనుక ఇనుము కరుగుచుండును. నీలిరంగు ఆ కరిగిన ఇనుమునకు గుర్తు.

ఈ చిన్న ప్రయోగము వాహన యజమానికి పెద్ద పాఠము. ఛాసిస్‌కు అంటిన మట్టిపెళ్ళ క్రింద, రెండు రేకులు కలిసిన అతుకులో, మూతవలె బిగిసిన పాత పూత చాటున గాలి తక్కువ, తడి ఎక్కువ. తుప్పు అచ్చటనే లోతుగా తినును. పైకి ఎఱ్ఱబారిన చోటు కంటె కంటికి ఆనని చోటు అపాయకరమైనది. తుప్పుగా మారిన ఇనుము రెండింతలు మొదలు ఆరింతల వరకు స్థలము ఆక్రమించును. అందుచేతనే రివిట్లతో బిగించిన రెండు పలకల నడుమ తుప్పు పుట్టినచో ఆ పలకలు ఉబ్బి ఎడమగును.

ఢిల్లీలోని ఇనుప స్తంభము సుమారు 1600 సంవత్సరములుగా నిలిచి ఉన్నది గదా, మన లారీ ఏల నిలువదని కొందరు అడుగుదురు. కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం ఆ స్తంభమును పరిశోధించి, దాని ఇనుములో భాస్వరము అధికముగా ఉండుటచే పైన ఒక రక్షక పొర ఏర్పడినదని వివరించిరి. నేటి వాహనముల ఉక్కులో భాస్వరమును తక్కువగా ఉంచుదురు. అది ఎక్కువైనచో ఉక్కు పెళుసగును. కావున ఆ స్తంభము తనకు తానే కప్పుకొన్న పొరను మన వాహనమునకు మనమే కప్పవలసి ఉన్నది.

మన ప్రాంతములో ఎచ్చట చూడవలెను?

అమెరికా, కెనడా వంటి శీతల దేశములలో మంచు కరుగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు వాహనములను కొలది ఏండ్లలోనే తినివేయును. ఛాసిస్ రక్షణకు ప్రత్యేక పూతలు, ప్రత్యేక దుకాణములు అచ్చట వెలయుటకు కారణమదియే. మనకు మంచు లేదు, సముద్రము దూరము. ఐనను మన వాహనములు తుప్పు పట్టుటకు స్థానిక కారణములు ఉన్నవి.

మొదటిది బండల బురద. నాపరాయిని కోయునప్పుడు, పాలిషు పట్టునప్పుడు నీరు వాడుదురు. తడి ఆరని బండలను ఎక్కించినచో ఆ సున్నపురాతి బురద కారి ఛాసిస్ పొడవు కమ్ముల మీద, అడ్డకమ్ముల సందులలో చేరును. ఆ పొడి తనంత తాను ఇనుమును తినదు. గట్టిపడి పెళ్ళ కట్టిన పిమ్మట వానకాలమంతయు తడిని పట్టి ఉంచును. రెండవది ఎరువు. పొటాష్ ఎరువు రసాయనరీత్యా ఉప్పునకు దగ్గరి చుట్టము. అందులో క్లోరైడు కలదు. యూరియా గాలిలోని తేమను పీల్చును. ఎరువు బస్తాలు మోసిన ట్రాలీని కడుగక నిలిపినచో రోడ్డుపై ఉప్పు చల్లిన దేశములోని పరిస్థితియే ఆ ట్రాలీ అడుగున ఏర్పడును. మూడవది మన నేలలు. తాండూరు వైపు నల్లరేగడి జిగురువలె అంటి తొందరగా ఆరదు. వికారాబాదు వైపు ఎఱ్ఱమట్టి తుప్పు రంగులోనే ఉండి తుప్పును దాచివేయును.

వాహన నిర్మాణమును బట్టి కూడ చోటు మారును. లారీలో రెండు పొడవైన కమ్ములు, వాని నడుమ అడ్డకమ్ములు నిచ్చెనవలె ఉండును. ఆ కమ్ములు ఒక ప్రక్క తెరచి ఉండును గనుక చేయి పోవును, కన్ను పోవును. జీపులకు, పికప్ వాహనములకు కమ్ములు తరచుగా పెట్టెవలె నాలుగువైపుల మూసి ఉండును. కార్లకు ప్రత్యేక ఛాసిస్ లేక, శరీరమే మడతపెట్టిన రేకులతో గుల్ల గొట్టములుగా తయారగును. ఈ గుల్లల అడుగున నీరు కారిపోవుటకు చిన్న రంధ్రములు ఉండును. అవి మట్టితో పూడినచో గుల్ల నీటి తొట్టిగా మారును.

మఱొక సంగతి. ఛాసిస్ నంబరును ఆ ఇనుము మీదనే చెక్కుదురు. తుప్పు ఆ అంకెలను తినివేసినచో వాహనము అమ్మునప్పుడు, బదిలీ చేయునప్పుడు యజమాని చిక్కులలో పడును. రవాణా వాహనములకు మొదటి 8 సంవత్సరములు రెండేండ్లకొక పర్యాయము, అటుపిమ్మట ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట కంటె ముందే అడుగు భాగమును చూచుకొనుట మేలు.

గాలియంత్రము - పీడనము, పరిమాణము

గాలిని బిగించి పని చేయించుట మనకు కొత్త కాదు. మన స్టేషన్లలో ఆగు రైలు గాలి బ్రేకులతోనే ఆగును. ఆ విధానమునకు 1869లో అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ నాంది పలికెను. బస్సు ఆగినప్పుడు వినబడు "ఉస్సు" అను శబ్దము బిగించిన గాలి విడుదలయగు శబ్దమే. ద్రవమును గాలితో తుంపరలుగా చిమ్ము పద్ధతికి మూలపురుషుడు వైద్యుడగుట వింత. 19వ శతాబ్దము చివర అమెరికాలోని టొలీడో నగరమున డాక్టరు అలెన్ డెవిల్బిస్ రోగుల గొంతులో మందు చల్లుటకు ఒక చిన్న సాధనమును తయారుచేసెను. ఆయన కుమారుడు దానిని పెంచి రంగు చల్లు తుపాకిగా మార్చెను.

కంప్రెసర్ కొనువారు పీడనమును మాత్రమే అడుగుదురు. "ఎన్ని పౌండ్ల గాలి కొట్టును?" అందురు. చిన్న యంత్రము కూడ 8 కిలోల పీడనమును, అనగా చదరపు అంగుళమునకు సుమారు 114 పౌండ్లను ఇచ్చును. అసలు అడుగవలసినది నిమిషమునకు ఎంత గాలి ఇచ్చునన్న సంగతి. బిందె ఎంత ఎత్తున ఉన్నదో పీడనము చెప్పును. బిందెలోనికి ఎంత నీరు వచ్చుచున్నదో పరిమాణము చెప్పును.

ఒక లెక్క చూతము. మన టాంకు 50 లీటర్లది. పంపు నిమిషమునకు 100 లీటర్ల గాలి ఇచ్చును. అనగా సుమారు మూడున్నర ఘనపుటడుగులు. చిక్కని పూత చల్లు తుపాకి నిమిషమునకు 170 లీటర్లు, అనగా 6 ఘనపుటడుగులు కోరుననుకొందము. టాంకులోని పీడనము 8 కిలోల నుండి 5 కిలోలకు దిగులోపల మనకు దక్కు గాలి 50ని 3తో హెచ్చించగా 150 లీటర్లు. ప్రతి నిమిషము లోటు 70 లీటర్లు. కావున రెండు నిమిషములు చల్లిన పిమ్మట ఆగవలెను. ఒకటిన్నర నిమిషములో టాంకు మరల నిండును. మోటారు వేడెక్కకుండ మరికొంత విరామము ఇచ్చుట మంచిది.

పెద్ద తలుపునకో, బానెట్టునకో మెరుగైన రంగు వేయువానికి ఈ విరామము ఆటంకము. రంగు అతుకు కనబడును. ఛాసిస్ పనిలో అట్టి చిక్కు లేదు. ఒక అడ్డకమ్మి, ఒక చక్రపు గూడు, ఒక గుల్ల - ఇట్లు ముక్కలు ముక్కలుగానే పని సాగును. అందుచేత ఇంటి యంత్రము ఈ పనికి చాలును. ఓర్పు మాత్రము ఉండవలెను. కారునకు, జీపునకు, ఆటోకు, ట్రాలీకి ఇది తగును. లారీ అంతటికి ఒకే రోజు పూనుకొనక భాగములుగా విభజించుకొనవలెను.

ఊరి కరెంటు విషయము కూడ గమనింపదగినది. సన్నని పొడవైన తీగతో మోటారునకు కరెంటు లాగినచో వోల్టేజి పడిపోయి మోటారు తిరుగలేక కాలును. తీగ పొట్టిగాను లావుగాను ఉంచి, గాలి గొట్టమును పొడవు చేసికొనుట మేలు.

గాలిలో దాగిన నీరు

వానకాలములో, 30 డిగ్రీల వేడిమిలో ఒక ఘనపుమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. తేమ నూటికి 80 పాళ్ళు ఉన్నచో అందు 24 గ్రాములు ఉన్నట్లు. నిమిషమునకు 100 లీటర్ల చొప్పున గంట సేపు నడచిన పంపు 6 ఘనపుమీటర్ల గాలిని, దానితోపాటు 144 గ్రాముల నీటిని లోనికి లాగుకొనును. ఆ గాలి ఎనిమిదవ వంతుకు కుదించుకొని మరల 30 డిగ్రీలకు చల్లబడినప్పుడు 22 గ్రాముల ఆవిరిని మాత్రమే మోయగలదు. మిగిలిన 120 గ్రాములు, అనగా ఒక చిన్న గ్లాసెడు నీరు, టాంకులోను గొట్టములోను నిలుచును.

ఇదే పంపును మే నెల మధ్యాహ్నము, 40 డిగ్రీల వేడిమిలో, తేమ 20 పాళ్ళు మాత్రమే ఉన్నప్పుడు నడిపినచో గంటకు తేలు నీరు సుమారు 23 గ్రాములే. వానకాలమునకు వేసవికి తేడా అయిదింతలు. ఛాసిస్ పనిని తొలకరికి ముందే ముగించుకొనవలెననుటకు ఇంతకు మించిన ప్రమాణము అక్కరలేదు.

గొట్టములో నిలిచిన ఈ నీరు పూతతో కలిసి ఇనుము మీద పడును. తుప్పు రాకుండ వేయు పూత క్రిందికి మన చేతితోనే తుప్పునకు విత్తనము వేసినట్లగును. కావున టాంకునకు, తుపాకికి నడుమ నీటిని వేరుచేయు గిన్నె తప్పక బిగింపవలెను. పని ముగిసిన ప్రతిసారి టాంకు అడుగునగల మరను విప్పి నీరు వదలవలెను. బస్సు, లారీ డ్రైవర్లు బ్రేకుల గాలి టాంకు నుండి నీరు వదలుట మీరు చూచియే ఉందురు. ఆ అలవాటే ఇంటిలోను ఉండవలెను.

నీరు వదలని టాంకు లోపలి నుండి తుప్పు పట్టును. ఇతరుల తుప్పును మాన్పవచ్చిన యంత్రమే తుప్పునకు బలియగును. ఇది పరిహాసము కాదు, ప్రాణాపాయము. 30 సెంటీమీటర్ల వెడల్పుగల టాంకు మూతపై 8 కిలోల పీడనము అయిదున్నర టన్నుల బరువుతో తోయును. పలుచబడిన రేకు ఆ బలమునకు ఒక దినమున పగులును. గ్యాసు సిలిండరునో, పాత డబ్బానో అతికించి గాలి టాంకుగా వాడుట ఎంత మాత్రము తగదు. టాంకునకు తుప్పు చిల్లు పడినచో వెల్డింగు చేసి మరల వాడరాదు, దానిని పారవేయవలెను.

పని చేయు క్రమము

మొదట వాహనమును సమతలమైన గట్టి నేలపై నిలిపి, చక్రములకు రెండు వైపుల అడ్డు పెట్టవలెను. జాకీ వాహనమును లేపుటకే గాని మోయుటకు కాదు. స్టాండ్ల మీద గాని, గట్టి చెక్క దిమ్మల మీద గాని ఆనించనిదే ఎవ్వరును క్రిందికి పోరాదు.

రెండవది కడుగుట. మట్టిపెళ్ళలను గీకి, అడుగు భాగమును వేగమైన నీటితో కడిగి, పూడిన రంధ్రములను తీగతో తెరవవలెను. గుల్లలలోనికి కూడ నీరు పంపి, కారు నీరు తేటపడువరకు కడుగవలెను. తదుపరి గాలి గొట్టముతో సందులలోని నీటిని వెడలగొట్టవలెను. ఇంటి యంత్రము చేయు మొదటి మేలు ఇదియే. గుడ్డ పోని చోటికి గాలి పోవును. అటుపిమ్మట రెండు మూడు దినములు ఎండలో ఉంచవలెను. ఈ మూడు దినములు ఓర్వలేకనే చాలమంది పని చెడగొట్టుకొందురు.

మూడవది తుప్పును తీయుట. వదులుగా ఉన్న తుప్పును తీగబ్రష్షుతో రాల్చవలెను. సుత్తితో మెల్లగా కొట్టి చూడవలెను. గట్టి ఇనుము గంటవలె పలుకును. తిన్న ఇనుము బొద్దుగా పలుకును. చిల్లు పడినచో పూత ప్రసక్తి విడిచి వెల్డరునకు చూపవలెను. పాత వాహనములకు సీస సిందూరపు పూత ఉండవచ్చును. దానిని పొడిగా రుద్దినచో విషపు ధూళి లేచును గనుక తడిపి గీకవలెను.

బ్రష్షునకు రాని తుప్పును మార్చుటకు టానిక్ ఆమ్లముతోనో, ఫాస్ఫారిక్ ఆమ్లముతోనో చేసిన ద్రవములు అంగళ్ళలో దొరకును. టానిక్ ఆమ్లము మనకు పరాయిది కాదు. తోలు ఊనుటకు వాడు తంగేడు చెక్కలోను, కరక్కాయలోను ఉన్న వగరు ఆ జాతిదే. ఆ వగరు ఇనుముతో కలిసినచో నల్లనగును; పూర్వము సిరా చేసిన విధానమదియే. ఎఱ్ఱని తుప్పు ఆ ద్రవముతో నల్లని నిలకడ గల పొరగా మారును.

నాల్గవది కప్పవలసిన వానిని కప్పుట. బ్రేకు డ్రమ్ములు, డిస్కులు, రబ్బరు గొట్టములు, కరెంటు తీగల జోళ్ళు, సైలెన్సరు, తిరుగు కీళ్ళు - వీనికి కాగితమో, ప్లాస్టిక్కో చుట్టవలెను. బ్రేకునకు పూత తగిలినచో బండి ఆగదు. సైలెన్సరునకు తగిలినచో పొగ లేచును, మంట కూడ లేవవచ్చును. ఛాసిస్ నంబరుపై చిక్కని నల్లపూత వేయక, అంకెలు కనబడునట్లు పలుచని గ్రీజు పూయుట చాలును.

అయిదవది చల్లుట. చక్రపు గూళ్ళకు, అడుగు రేకులకు చిక్కని పూత చల్లు ప్రత్యేకమైన తుపాకి ఉన్నది. దానిని షుట్జ్ గన్ అందురు. షుట్జ్ అనగా జర్మను భాషలో రక్షణ. గుల్లలకు సన్నని పొడవైన గొట్టమును తగిలించి, కొనయందు అన్ని దిక్కులకు చిమ్ము మూతిని అమర్చి, లోపలి కొన వరకు దూర్చి, చల్లుచు వెనుకకు లాగవలెను. రంధ్రముల నుండి చుక్కలు కారినచో పూత అందినదని గుర్తు. ఒక దట్టమైన పూత కంటె రెండు పలుచని పూతలు మేలు. చివరకు నీరు కారు రంధ్రములను మరల తెరచి విడువవలెను.

ఏ చోటికి ఏ పూత?

గీకిన ఇనుముపై మొదట ప్రైమరు అవసరము. రాళ్ళు తగులు చక్రపు గూళ్ళకు రబ్బరు కలిసిన తారు పూత గట్టిగా నిలుచును. అయితే ఈ పూత ఎండి పగిలినచో పగులులో నీరు దూరి, లోన దాగి, ఎవ్వరికి కనబడక ఇనుమును తినును. తుప్పు మీద తారు పూసి నల్లగా నిగనిగలాడించుట పైన పటారము, లోన లొటారము అన్న సామెతకు చక్కని ఉదాహరణ. పాత వాహనము కొనువారు క్రొత్తగా నల్లపూత వేసిన ఛాసిస్‌ను చూచి మురియక, దానిని సుత్తితో తట్టి చూడవలెను.

గుల్లలకు మైనపు పూత తగినది. అది పూర్తిగా గట్టిపడక, గీత పడినను మెల్లగా ప్రాకి కప్పుకొనును. గొర్రె ఉన్ని నుండి తీయు లానోలిన్ అను కొవ్వుతో చేసిన పూతలు కూడ ఇట్టివే. వానలో గొర్రెల ఉన్నిని తడి నుండి కాపాడునది ఆ కొవ్వే. ఇవి కాలక్రమమున తరుగును గనుక ఏటేటా చూచి అవసరమైన చోట మరల వేయవలెను. మైనము చిక్కబడినచో డబ్బాను వేడినీటిలో ఉంచి పలుచన చేయవచ్చును. నిప్పు మీద పెట్టరాదు.

మన వైపు వాటర్ సర్వీసింగు అయిన పిమ్మట కాలిన ఇంజను ఆయిలులో డీజిలు కలిపి అడుగున చల్లు అలవాటు ఉన్నది. ఖర్చు తక్కువ, కొన్నాళ్ళు తుప్పును ఆపునన్నది నిజమే. ఐనను ఆ ఆయిలు రబ్బరు బుష్షులను ఉబ్బించును, దుమ్మును పట్టును. కాలిన ఆయిలులో చర్మమునకు, ఊపిరితిత్తులకు హాని చేయు పదార్థములు, పుట్టకురుపు కలిగించునవి సైతము ఉండును. దానిని తుంపరగా చేసి పీల్చుట మిక్కిలి ప్రమాదము. నేలపై కారిన ఆయిలు వాననీటితో వాగులలో చేరును. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగర్‌కు పోవును. తాండూరు ప్రక్కన పారు కాగ్నా భీమా నదిలో కలియును. తుదకు ఈ రెండు నీళ్ళును కృష్ణనే చేరును. నదుల పుట్టుక దగ్గర నివసించువారికి ఈ విషయమున బాధ్యత అధికము. 2016 నాటి నియమములు కాలిన ఆయిలును ప్రమాదకర వ్యర్థముగా పరిగణించినవి. దానిని అనుమతి పొందిన శుద్ధిదారులకే చేర్చవలెను.

చేయువాని రక్షణ

గాలి తుపాకిని ఎవ్వరి ఒంటి వైపునకు పట్టరాదు. దుస్తుల దుమ్ము దులుపుకొనుటకు కూడ వాడరాదు. బిగించిన గాలి చర్మము గుండ దూరి రక్తములో చేరినచో ప్రాణము పోవచ్చును. కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు, చెవులకు దూది కాక తగిన మూతలు ధరింపవలెను. ముక్కునకు కట్టు రుమాలు దుమ్మును కొంత ఆపునే గాని పూతల ఆవిరిని ఆపలేదు. అందుకు బొగ్గు వడపోత గల మాస్కు అవసరము. రెండు డబ్బాలు కలిపి వేయు గట్టి రంగులలో ఊపిరితిత్తులకు హానియగు ఐసోసయనేట్లు ఉండును. వానిని ఇంటిలో చల్లరాదు. పూతల ఆవిరికి మోటారు నిప్పురవ్వ తగిలినచో అంటుకొనును. కావున యంత్రమును దూరముగా, గాలి వచ్చు దిక్కున ఉంచవలెను. బీడీ, సిగరెట్టు, వెల్డింగు ఆ దాపుల ఉండరాదు. పని బయట, గాలి ఆడు చోటనే చేయవలెను.

ముగింపు

షెడ్లలో పనిచేయు మన యువకులలో అనేకులు ఈ మాస్కు లేకయే, టాంకు నీరు వదలకయే పని నేర్చుకొనుచున్నారు. వారి చేతి నేర్పునకు లోటు లేదు. కారణము తెలిసిన చేతికి నేర్పు ద్విగుణమగును. కళాశాల సంఘము వారు ప్రతి సంవత్సరము పరీక్షలకు ముందు ఒక దినము రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఎవాన్స్ చుక్క ప్రయోగమును, ఆవరణలో ఒక పాత ట్రాలీపై ఈ పనిని చూపు ఏర్పాటు చేసినచో, దానికి ఊరి మెకానిక్కులను కూడ పిలిచినచో, పాఠము పుస్తకము నుండి బయటికి వచ్చును. పెద్ద ఖర్చు కూడ లేదు.

విద్యార్థులు తమ ఇంట వెంటనే చేయదగిన పని ఒకటి ఉన్నది. ఈ మే నెలలో ఒక ఉదయము, ఎండ ముదురకముందు, ఇంటి వాహనము క్రిందికి టార్చి వెలుగు పంపి చూడుడు. ఎచ్చట మట్టి పెళ్ళ కట్టినదో, ఏ రంధ్రము పూడినదో, ఛాసిస్ నంబరు ఇంకను చదువుటకు వచ్చుచున్నదో లేదో ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఆ కాగితము చేత పట్టుకొని పని మొదలుపెట్టినచో తొలకరి నాటికి వాహనము సిద్ధమగును.